చిన్న కీచురాళ్లకూ ఒక కుటుంబం

సంపాదకులకు,

కంబాలకొండ అడవి అంచు గడ్డిలో కనిపించే నిగనిగలాడే చిరు కీటకాలను మీ ఆదివారం అనుబంధంలో ‘మిడత పిల్లలు’ అని రాశారు. ఛాయాచిత్రంలో ఒంటిని మించిన పొడవైన మీసాలు స్పష్టంగా కనిపిస్తున్నందున అవి పొట్టి మీసాల మిడతలు కావు, కీచురాళ్లే.

గడ్డిలో ఉండే ఈ చిరు కీచురాళ్లను చాలాకాలం కీచురాళ్ల ప్రధాన కుటుంబమైన గ్రిల్లిడేలో ఒక ఉపకుటుంబంగానే లెక్కించేవారు. డీఎన్‌ఏ ఆధారంగా 2016లో వెలువడిన వర్గీకరణ వీటిని ట్రైగోనిడియిడే అనే ప్రత్యేక కుటుంబంగా గుర్తించి, నేలపై తిరిగే నెమోబియినే కీచురాళ్లను కూడా అందులోనే చేర్చింది. ఆడవాటిలో గుడ్లు పెట్టే అవయవం గడ్డిలో ఉండే తెగలో పైకి వంగిన కత్తిలా, నేలపై తిరిగే తెగలో దాదాపు సూదిలా ఉంటుంది కనుక భూతద్దంతోనే తేడా పట్టవచ్చు.

మన దేశంలోనూ కనిపించే ట్రైగోనిడియం సిసిండెలాయిడిస్ మరీ చిత్రమైనది. నల్లని ఒళ్లు, ఎర్రని తొడలతో, వేటాడే సిసిండెలా పెంకుపురుగును పోలి ఉండటం వల్లే దానికా పేరు వచ్చింది. మగవాటి రెక్కలపై ధ్వని పుట్టించే ఏర్పాటు లేకపోవడంతో అది మూగది. కీచుమనని దాన్ని కీచురాయి అనవలసి రావడం మన భాషకు వచ్చిన చిక్కు. ‘మిడత పిల్లలు’ అన్న శీర్షికను మాత్రం సవరించగలరు.

విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయుడు,
మధురవాడ, విశాఖపట్నం.