పాత మీటర్‌గేజ్ కట్టను ముక్కలు కానివ్వకండి: రైల్వే మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర రైల్వే శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

గుంటూరు నుంచి దొనకొండ, మార్కాపురం రోడ్డు, కంభం, గిద్దలూరు మీదుగా నంద్యాల పోయే లైను పనులు 1880ల్లో మీటర్‌గేజ్‌గా సాగాయి. 1990ల్లో దాన్ని బ్రాడ్‌గేజ్‌కు మార్చారు. వంపులు తీసేసి కొత్త కట్ట పోసిన చోట పాత కట్ట పక్కన ఉండిపోయింది. అలా వదిలేసినవాటిలో నల్లమలలోని దొరబావి వంతెన గురించి అందరికీ తెలుసు, వీడియోలు కూడా తీస్తున్నారు. పశ్చిమ ప్రకాశంలో ఊళ్ళ పక్కన, చేల మధ్య మిగిలిన కట్టల సంగతి మాత్రం ఎవరికీ పట్టలేదు. మట్టి తోలుకునే ట్రాక్టర్లకు తప్ప.

మేం అడుగుతున్నది ఈ కట్టల గురించే. వీటిని అమ్మకండి, ముక్కలు చేసి లీజుకివ్వకండి. భూమిని రైల్వే పేరు మీదే ఉంచి, నడకకూ సైకిలుకూ దారి వేసుకోవడానికి పంచాయతీలకు లైసెన్సు ఇవ్వండి. అమెరికాలో 1983లో చట్టం సవరించి ఇదే పని చేశారు. రైళ్ళు ఆగిపోయిన లైనును కాలిబాటగా వాడుకోనిస్తారు, మళ్ళీ రైలు నడపాల్సి వస్తే వెనక్కి తీసుకుంటారు. స్పెయిన్‌లో 1993 నుంచి పాత లైన్లను పచ్చదారులని పేరుపెట్టి వరసగా బాగుచేసుకుంటూ వస్తున్నారు. కట్ట విలువంతా అది తెగకుండా ఉండటంలో ఉంది. అయిదు కిలోమీటర్ల మధ్యలో అర ఎకరం ఒకరి చేతికి పోతే మిగిలేవి రెండు మొండి దారులు. అవి నడకకూ పనికిరావు, రేపు మీ శాఖ మరో లైను వేయాలన్నా పనికిరావు.

చట్టం సంగతి ముందు తేల్చాలి. 1989 రైల్వే చట్టం 147వ సెక్షన్ ప్రకారం అనుమతి లేకుండా రైల్వే హద్దులోకి వస్తే ఆరు నెలల దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. పట్టాలు లేని కట్ట మీద పొద్దున్నే నడిచే పెద్దాయన కూడా దీని కిందికే వస్తాడు. ఆయన్నెవరూ పట్టుకోరు, నిజమే. కానీ పంచాయతీ అక్కడ ఒక తట్ట కంకర పోయాలన్నా ఇదే అడ్డం. లైసెన్సు కాగితం లేనిదే రూపాయి ఖర్చు రాయడానికి లేదు.

ఏ కిలోమీటరు నుంచి ఏ కిలోమీటరు దాకా అనేది రైల్వే ల్యాండ్ ప్లాను, రెవెన్యూ వారి ఎఫ్‌ఎంబీ (పొలాల కొలతల పుస్తకం) పక్కపక్కన పెట్టి చూస్తే తేలుతుంది. రెండింటికీ కొలతలు కలవని చోట్ల నేల మీదున్న హద్దురాళ్ళే ఆధారం, అందుకే దున్నకాల్లో అవి పోకముందే జాయింట్ సర్వే జరగాలి. సర్వే అయిన నంబర్లన్నీ రిజిస్ట్రేషన్ నిషేధిత జాబితా 22ఎలో ఉన్నాయో లేదో కలెక్టరు గారి ఆఫీసులో సరిచూడాలి. లేకపోతే దారి వేస్తుండగానే ఎవరో ఒకరు దస్తావేజు పట్టుకొస్తారు.

ఇక కట్ట సంగతి. పాత లెక్క ప్రకారం మీటర్‌గేజ్ సింగిల్ లైనుకు కట్ట మీద 4.88 మీటర్ల వెడల్పు, కోతలో, అంటే నేలను తవ్వి లైను వేసిన చోట, 4.27 మీటర్లు ఉండాలి. వానలకు అంచులు జారి ఇప్పుడంత వెడల్పు అన్నిచోట్లా దొరకదు. 2.5 మీటర్ల దారి వేసి, రెండు వైపులా కనీసం అర మీటరు చొప్పున వదిలితే చాలు. అంతకు మించి వెడల్పు చేయొద్దనే మా మనవి. వెడల్పయితే కార్లు ఎక్కుతాయి.

మొదటి పని చిల్లకంప, అదే సర్కారు తుమ్మ, తీయడం. జేసీబీతో పైపైన గీకేసి ఫొటో తీసుకుంటే నాలుగు నెలల్లో మళ్ళీ మొలుస్తుంది, ఈసారి ఒక కాండం ఉన్న చోట ఎనిమిది. సర్కారు తుమ్మ మొగ్గలు మట్టికి కాస్త దిగువన వేరు మొదట్లో ఉంటాయి. అడుగు లోతు తవ్వి ఆ బుడిపె తీస్తేనే చెట్టు చచ్చినట్టు. ఇది గడ్డపారతో మనుషులు చేయాల్సిన పని. కట్ట వాలు మీద మాత్రం పెకలించకూడదు, మట్టి వదులై మొదటి వానకే గండి పడుతుంది. అక్కడ మొదలంటా కొట్టి, ఏటా రెండుసార్లు చిగుళ్ళు తుంచాలి. కొట్టిన కంప అదే రోజు ఎత్తేయాలి. ఎండిన ముల్లు దుమ్ములో కలిస్తే ఏడాది పాటు సైకిలు ట్యూబులు పంక్చరవుతూనే ఉంటాయి.

పట్టాలు తీసుకుపోయినా కంకర చాలాచోట్ల మిగిలే ఉంది. 50 మిల్లీమీటర్ల రాయి అది, దాని మీద నడిస్తే మడమ మడతపడుతుంది. అలాగని తీసి పారబోయొద్దు, అంతకన్నా మంచి పునాది కొన్నా దొరకదు. దాన్ని చదును చేసి 8 టన్నుల రోలరు తిప్పాలి. దాని పైన 20 మిల్లీమీటర్ల లోపు కంకర, క్వారీ డస్ట్ కలిపి, నీళ్ళు కొట్టి, అణిగాక 10 సెంటీమీటర్ల మందం ఉండేలా వేయాలి. 2.5 మీటర్ల వెడల్పుకు కిలోమీటరుకు అణిగిన లెక్కన 250 ఘనపు మీటర్లు. వదులుగా తోలేటప్పుడు 320 దాకా పడుతుంది, వంద ఘనపుటడుగుల మన యూనిట్లలో 113. మధ్యలో అంచుల కన్నా 3 సెంటీమీటర్లు ఎత్తు ఉంచితే నీళ్ళు నిలవవు. డస్ట్ పాలు ఎక్కువైతే వానకు బురద, ఎండకు దుమ్ము. నీళ్ళు కొట్టకుండా పొడిగా రోలరు తిప్పినా అంతే, పై పొర గాలికి లేచిపోతుంది. బిల్లుల్లో నీళ్ళ ట్యాంకర్ల లెక్క చూడండి, పని ఎలా జరిగిందో అక్కడే తెలుస్తుంది.

మార్కాపురం చుట్టుపక్కల పలకరాయి వ్యర్థం గుట్టలుగా పడి ఉంది, అది వాడొచ్చు కదా అని అడుగుతారు. దారి పైన వద్దు. పొరలుగా చీలి అంచులు కత్తుల్లా లేస్తాయి, తడిస్తే జారుతుంది. దారి అంచున నిలువుగా పాతడానికీ, దూరం చెక్కిన రాళ్ళకూ దాన్ని మించింది లేదు.

దారి చెడేది నీళ్ళతోనే. కోతల్లో లైనుకు రెండు వైపులా పక్క కాలువలు, పై గట్టున వాన నీళ్ళను అడ్డుకునే కాలువ రైల్వే వాళ్ళు తవ్వినవే. అవి పూడిపోతే కోతే వాగైపోతుంది. పైన కొత్తగా ఏమీ వేయకముందే వాటిని తెరవాలి, ఏటా ఈశాన్య వానలకు ముందు మళ్ళీ తీయాలి.

రాతి కమాను కల్వర్టుల గురించి కొంచెం ఎక్కువ చెప్పనివ్వండి. కమాను కిందికి వంగి చూస్తే రాళ్ళ సందుల నుంచి తెల్లటి చారలు దిగి ఉంటాయి. పైన మట్టిలో ఇంకిన నీళ్ళకు పోయే దారి లేక, గచ్చులోని సున్నాన్ని కరిగించి కిందికి తెస్తున్నాయని అర్థం. పక్క గోడల్లో నీళ్ళు కారడానికి వదిలిన రంధ్రాలు మట్టితోనో కందిరీగల గూళ్ళతోనో మూసుకుపోయి ఉంటాయి. ముందు వాటిని ఇనుప కడ్డీతో పొడిచి తెరవాలి. సందుల్లో వెలిసిన గచ్చు గీకి, సున్నం, ఇటుకపొడి కలిపిన గచ్చే మళ్ళీ పెట్టాలి. సిమెంటు పెట్టారో, అది బిగుసుకుపోయి తేమను బయటికి పోనివ్వదు, దాని పక్కన మెత్తటి రాయి పెచ్చులుగా రాలిపోతుంది. సందులో మొలిచిన రావి మొక్కను చేత్తో లాగితే వేరు తెగి లోపలే ఉండిపోతుంది. కోసి, ఆ మొదలుకు వెంటనే కలుపుమందు పూయాలి. గర్డర్లు ఎత్తుకుపోయిన వంతెనల దగ్గర చదరపు మీటరుకు 500 కిలోల జనం బరువు తట్టుకునేలా ఉక్కు నడకవంతెన, 1.2 మీటర్ల కటకటాలు కావాలి. బోల్టులు బిగించి వదిలితే చోరీ అవుతాయి, వెల్డింగే మేలు.

ఊరి దారి కలిసే ప్రతి చోటా స్తంభాలు పాతించండి, మధ్యన 1.5 మీటర్ల సందుతో. సైకిలు, చక్రాల కుర్చీ పడతాయి, ట్రాక్టరు పట్టదు. మోటారు సైకిలు పడుతుంది, దాన్ని ఆపగల స్తంభం ఇంకా ఎవరూ కనిపెట్టలేదు. అవతల చేలున్న రైతులకు అడ్డదాటు ర్యాంపులు తప్పకుండా ఉండాలి. అవి లేకపోతే స్తంభాలు మొదటి నాట్లకే మాయమవుతాయి, అందులో రైతు తప్పేమీ లేదు. కొత్త లైను దగ్గరగా నడిచే చోట కంచె ఖర్చు ఎంతైనా తగ్గించొద్దు.

నీడకు కానుగ, వేప. కట్ట మీద కాకుండా దిగువన నాటి మూడు వేసవులు నీళ్ళు పోయాలి.

అడవి గురించి మా మాట సూటిగా చెబుతాం. దిగువమెట్ట దాటాక వచ్చేది నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం చుట్టూ ఉన్న నల్లమల. దొరబావి దాకా దారి వేయమని కొందరు అడుగుతారు. మేం అడగం. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అభయారణ్యంలోకి అనుమతి ఇచ్చేది అటవీ శాఖ, అది అలాగే ఉండాలి. నీళ్ళ సీసాలూ చిప్స్ ప్యాకెట్లూ అక్కడికి చేరనివ్వకుండా మా దారి అడవి బయటే ఆగిపోతే చాలు.

గుంటూరు డివిజన్ ఇంజనీర్లకూ రెవెన్యూ సర్వేయర్లకూ జాయింట్ సర్వే ఆదేశం ఇప్పించండి. మొదటి విడతగా ఒకే ఒక్క మూడు కిలోమీటర్ల కట్టకు పదేళ్ళ లైసెన్సు ఇస్తే పని మొదలవుతుంది. సర్వేకు వచ్చేవారిని వాన వెలిసిన మర్నాడు పంపండి. నీళ్ళు ఎక్కడ నిలిచాయో, ఏ తూము పూడిందో ఆ ఒక్కరోజే కళ్ళకు కనిపిస్తుంది. బూట్లు మందపాటివి వేసుకురమ్మనండి, కంప ఇంకా కొట్టలేదు.

ఇట్లు,
కంభం, గిద్దలూరు ప్రాంతాల్లో పాత లైను కట్ట వెంబడి ఊళ్ళవాళ్ళం