ఇంటర్‌చేంజ్ కిందికి కూడా దిగి చూడండి

అయ్యా,

పది రోజుల కింద మీ మొదటి పేజీలో మన ఇంటర్‌చేంజ్ ఫొటో వేశారు, అదే, పెద్ద రోడ్లు ఒకదాని మీదుగా ఒకటి పోయి కలిసే వంతెనల కూడలి. రాత్రి పూట, ఆకాశం నుంచి తీసింది. దీపాల వరసలు, మెలికలు తిరిగిన దారులు చూడ్డానికి బాగానే ఉన్నాయి. ఆ ఫొటోలో కనిపించని నేల గురించే ఈ ఉత్తరం.

ఆదివారం మా అబ్బాయిని వెంటబెట్టుకుని దాని కింద ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిచాను. పాత టైర్లు, కూల్చిన ఇళ్ల మట్టి, మురుగు గుంటలు అందరికీ తెలిసినవే. నన్ను నిలబెట్టేసింది ఒక స్తంభం. వాన ఎప్పుడో వెలిసినా పై జాయింటు నుంచి నీరు బొట్లు బొట్లుగా కారుతూనే ఉంది. కాంక్రీటులోని సున్నం కరిగి మర్రి ఊడల్లా వేలాడుతోంది. ఒకచోట అరచేయంత పెచ్చు ఊడి చువ్వలు బయటపడ్డాయి. మావాడు వేలు పెడితే తుప్పు పొరలు పొరలుగా రాలింది. పైన కారులో పోయేవాళ్లకు ఇదెలా కనిపిస్తుంది?

ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో 1972లో తెరిచిన గ్రేవెల్లీ హిల్ ఇంటర్‌చేంజ్‌కు 559 కాంక్రీటు స్తంభాలు. మంచు కరగడానికి రోడ్డు మీద చల్లిన ఉప్పు నీళ్లతో కలిసి జాయింట్ల గుండా దిగి లోపలి ఇనుమును తినేసింది. మరమ్మతులు ఏళ్ల తరబడి సాగాయి. అయితే దాని కింద కాలువలున్నాయి, గట్ల మీద జనం నడుస్తారు. జనం తిరిగే చోట ఎవరో ఒకరు తలెత్తి చూస్తారు. ఇక్కడ కంచె వేసి చేతులు దులుపుకున్నారు.

ఫిర్యాదు పట్టుకుని వెళితే ఒక ఆఫీసు రోడ్డు మాది, నేల మాది కాదంది. ఇంకో ఆఫీసు నేల మాదేగానీ బాగుచేసే పని మాది కాదంది. మూడో చోట కాగితం తీసుకుని రసీదు కూడా ఇవ్వలేదు. వీధి దీపం పోయినా ఇదే తంతు, మురుగు పొంగినా ఇదే తంతు. ప్రారంభోత్సవం రోజు శిలాఫలకం మీద చోటు చాలనన్ని పేర్లు చెక్కించారు. ఇవాళ జవాబు చెప్పే మనిషి ఒక్కడూ దొరకడు.

అమెరికాలోని శాన్ డియేగోలో వంతెన కింద పార్కు వస్తుందని ఎదురుచూస్తున్న నేలను హైవే పోలీసు స్టేషన్ కోసం చదును చేయబోతే, 1970 ఏప్రిల్ 22న జనమే వచ్చి అడ్డం కూర్చున్నారు. ఇవాళ అదే చికానో పార్కు, స్తంభాల నిండా బొమ్మలు. కెనడాలోని టొరంటోలో గార్డినర్ ఎక్స్‌ప్రెస్‌వే అనే ఎత్తు రోడ్డు కింద 2018లో స్కేటింగ్ బాట తెరిచారు.

మేం అంత కూడా అడగడం లేదు. చెత్త ఎత్తించండి, దీపాలు పెట్టించండి, చివరిసారి తనిఖీ చేసిన తేదీ ప్రతి స్తంభం మీదా రాయించండి. సంపాదకులు గారూ, మీ ఫొటోగ్రాఫర్‌ను ఈసారి కిందికి పంపండి. ఆ స్తంభం ఎక్కడుందో మా అబ్బాయి చూపిస్తాడు.

ఇట్లు,
మీ పాత పాఠకుడు