గోదావరిలో పోయినవారి జాడ దిగువ ఊళ్లలో వెతకాలి

సంపాదకులు గారికి,

గోదావరి మీద పడవ నడిపే సరంగులుగా, అందులో పనిచేసే కళాసులుగా ఉండి నీళ్లలోనే ప్రాణాలు వదిలిన పెద్దల మరణం ఎక్కడ నమోదైందో తెలియక చాలా కుటుంబాలు సొంతూరి రిజిస్టరే తిరగేస్తున్నాయి. చావు నమోదయ్యేది స్వగ్రామంలో కాదు, జరిగిన చోట. గుర్తు తెలియని శవమైతే దొరికిన చోట. పోలవరం ఎగువన పడవ తిరగబడితే శవం ధవళేశ్వరం దాకా కొట్టుకురావచ్చు, పాయల్లో పడి నది మధ్య ఏ లంకకో చేరవచ్చు. అందుకే ప్రమాదం జరిగిన రేవు నుంచి దిగువకు, రెండు గట్ల మీదా ఊరూరా అడగాలి. గౌతమి ఒడ్డున యానాం 1954 వరకు ఫ్రెంచి పాలనలో ఉంది కాబట్టి అక్కడి పాత నమోదు వేరు, అదీ ఫ్రెంచిలో.

ముందు ఏడాదీ, రోజూ తేలాలి. ఇంట్లో తద్దినం ఏ తిథికి పెడతారో కనుక్కోండి. తెలుగు సంవత్సరం పేరొక్కటే చాలదు: విజయ 1893లోనూ వచ్చింది, 1953లోనూ వచ్చింది. అమావాస్య నాడు పెడుతుంటే దాన్నే మరణ తేదీ అనుకోవద్దు; తిథి తెలియనప్పుడు ఆ రోజు ఎంచుకోవడం ఆచారం. తిథి పట్టింపు లేని ఇళ్లలో వరదే గుర్తు. "పెద్ద వరద" అంటే 1953దా, 1986దా అని గుచ్చి అడగాలి.

పల్లెల్లో చావులు రాసింది గ్రామ మునసబు. 1984లో ఆ ఉద్యోగం రద్దయింది. ఆ పుస్తకాల కోసం తహసీల్దారు కార్యాలయంలో, పట్టణమైతే మునిసిపాలిటీలో దరఖాస్తు పెట్టాలి. ఇంటిపేరు లేకుండా రాసినవీ ఉంటాయి, తండ్రి పేరుతో పోల్చుకోవాలి. 1925కు ముందు పశ్చిమ గోదావరి జిల్లాయే లేదు. అప్పట్లో కొన్నేళ్లు నరసాపురం కృష్ణా జిల్లా కింద ఉండేది.

ఇంకో చిక్కుంది. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం 17వ సెక్షన్ ప్రకారం రిజిస్టరు నకలు ఎవరైనా తీసుకోవచ్చు గానీ, అందులో మరణ కారణం చూపరు. మునిగిపోయాడని రుజువు కావాలంటే పోలీసుల శవ పంచనామాయే ఆధారం. లాంచీ ప్రమాదమైతే 1917 నాటి మరపడవల చట్టం (2022లో రద్దయింది) కింద దగ్గరి ఠాణాలో తెలియజేయాల్సి ఉండేది, కాబట్టి అక్కడా కాగితం ఉండాలి. శవమే దొరకకపోతే మరణ రిజిస్టరులో పేరు ఉండకపోవచ్చు; అప్పుడు ఈ పోలీసు కాగితాలే దిక్కు.

చెదలు తినకముందే ఈ పుస్తకాలను స్కాన్ చేయించాలి. అంతవరకు ఏ ఊరివి, ఏ ఏళ్లవి, ఏ కార్యాలయంలో ఉన్నాయో జాబితా ప్రకటించాలని గోదావరి జిల్లాల కలెక్టర్లను కోరుతున్నాం.

– పడవ కార్మికుల కుటుంబాల తరఫున, రాజమహేంద్రవరం