పానగల్లుకు మైకు పట్టుకపోయే ముందుగాల

ఒరేయ్ దోస్తూ,

రికార్డర్ కొన్నవట, సంబురం! అందరు నల్లగొండ పక్క పానగల్లుల ఉన్న ఛాయా సోమేశ్వరాలయానికి గర్భగుడిల పడే నీడ చూసేందుకు పోతరు, నువ్వు చెవులేస్కొని పోతున్నవు. కాకపోతే గంట మోత, పావురాల కూత పట్టుకొస్తే గుడి చప్పుడు రాదురా. ఒక్కటే చప్పుడును మండపంల, గర్భగుడి గడప కాడ, ఉదయ సముద్రం చెరువు కట్ట మీద చేసి చూడు. దాంట్ల ఏం మారిందో అదే ఆ చోటు చప్పుడు.

గా చప్పుడు కోసం గాలి బుగ్గలు (బెలూన్లు) తీస్కపో. ఊదినంక అన్నీ 30 సెంటీమీటర్ల సైజే ఉండాలె, చోటుకు మూడు పగలగొట్టు. ముందుగాల పూజారిని అడుగు, గబ్బిలాలూ భక్తులూ ఉలిక్కిపడుతరు. వద్దంటే రెండు చెక్కపలకలు కొట్టు, బొంగురు మోత (తక్కువ ఫ్రీక్వెన్సీ) మాత్రం తక్కువ వస్తది.

రికార్డర్ల ఆటో లెవెల్, అంటే చప్పుడును అదే పెంచి తగ్గించే సెట్టింగు, అసలుకే వద్దు. బుగ్గ పగిలి మోత సన్నబడుతుంటే అది గెయిన్ (మైకు చప్పుడును పెంచే మోతాదు) పెంచుకుంట పోతది; అర సెకను మోగిన మండపం రెండు సెకన్లు మోగినట్టు వస్తది. వినసొంపుగనే ఉంటది, పచ్చి అబద్ధం. పెద్ద చప్పుడును అణిచే లిమిటర్, బొంగురు మోతను కోసే లో కట్ గూడ బంజెయ్. రికార్డింగు నాణ్యత 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ చాలు, స్టీరియోల గంటకు ఒక జీబీ. పగిలిన క్షణం రికార్డర్ మీటరు మైనస్ 6 డెసిబెల్స్ దాటొద్దు. గెయిన్ చూసుకునేటందుకే ఒక బుగ్గ ఖర్చనుకో.

ఇగ మైకు ఎక్కడ పెట్టాలె? గర్భగుడి అడ్డం, పొడవు రెండున్నర మీటర్లనుకో. చప్పుడు గోడల మధ్య పోయి వచ్చి గుమ్మనే మొదటి మోత (రెజొనెన్స్) 69 హెర్ట్జ్ కాడ పడుతది. మైకు నట్టనడుమ పెడితే గా మోత దాదాపు మాయం, గోడ దిక్కు జరిపితే గుమ్మంటది. దానికి రెండింతలు, 138 కాడ, నీ గొంతుతోనే మెల్లగ హమ్ చెయ్. చోటు తగిలితే రాయి నీతోని పాడుతది. ఇంకోటి, మూడు గర్భగుళ్లు ఒక్క మండపానికే తెరుచుకుంటయి గదా. మండపం మోత ఆరినంక వాటి మోత వెనుకనుంచి మెల్లగ వస్తదేమో చెవిపెట్టి విను.

గుడి ఎంతసేపు మోగుతదంటే, మోత 60 డెసిబెల్స్ తగ్గేటందుకు పట్టే కాలమే లెక్క. ఆటోల రొదల అంత లోతు దొరకదు. పగిలినప్పటి మోతకన్న 5 డెసిబెల్స్ తగ్గిన కాడినుంచి 35 తగ్గిన దాక పట్టిన కాలాన్ని రెండింతలు చేసుకో. తెల్లారి అయిదింటికి పోతే మేలు, మైకుల సుప్రభాతం మొదలుకాకముందే.

కట్ట మీద గాలికి నురుగు తొడుగు పనికిరాదు. బొచ్చు గుడ్డ కుట్టించి తొడుగు. ఫోను ఏరోప్లేన్ మోడ్‌ల పెట్టు, లేకుంటే టిక్‌టిక్‌మని పడుతది.

నల్లగొండ గడియారం సెంటర్ ఎనక సందులల్ల గూడ చప్పట్లు కొట్టు. 3 మీటర్ల సందుల చప్పుడు ఎదురుగోడకు పోయి వచ్చేటందుకు 17 మిల్లీసెకన్లు, టర్ర్‌మంటది. ఒక గోడకు చీరెలు ఆరేసి ఉంటే గా టర్ర్ ఏమన్న తగ్గుతదేమో విను.

ప్రతి ఫైలు మొదట్ల తేదీ, టైము, బుగ్గకూ మైకుకూ ఎంత దూరమో నోటితో చెప్పు. వేవ్ ఫైళ్లే పంపు, ఎంపీ3 చేసి మోత తోక కోసి పంపకురా.

నీ దోస్తు