జాకెట్టు చెయ్యి బిగిస్తే అశ్రద్ధ చేయొద్దు

సంపాదకులు గారికి నమస్కారం.

నేను తెనాలిలో జాకెట్లు కుట్టుకుని బతికే దాన్ని. నాలుగేళ్ల క్రితం ఎడమ రొమ్ముకు క్యాన్సర్ ఆపరేషన్ అయింది. చంకలో ఒంటి నీటిని వడకట్టే లింఫ్ గ్రంథులు కూడా తీసేశారు. తర్వాత కరెంటు (రేడియేషన్) పెట్టారు. జబ్బు తగ్గింది, ఇంటికొచ్చాను. చేతికి వాపు రావచ్చని మాత్రం ఒక్కరూ చెప్పలేదు.

ఏడాదిన్నర తర్వాత సంక్రాంతికి కుట్టుకున్న జాకెట్టు ఎడమ చెయ్యి పైకెక్కలేదు. కత్తిరింపులో తప్పు చేశాననుకున్నాను. టేపు పెట్టి చూస్తే మోచేతికి నాలుగు వేళ్ల పైన కుడిచేతి కంటే అంగుళం ఎక్కువుంది. నాది కుడిచేతి వాటం, మామూలుగా అయితే ఆ చెయ్యే కాస్త లావుండాలి. సాయంత్రానికి నీళ్ల బిందె మోసినట్టు లాగేది. కొందరు బోద అన్నారు, ఉప్పు మానెయ్యమన్నారు. వేడి నూనెతో గట్టిగా మర్దన చేసి కాపడం పెట్టుకున్నాను. తర్వాత ఆ చేతికి కుట్టుసూది గుచ్చుకుంటే, అక్కణ్ణించి చెయ్యంతా ఎర్రగా కంది చలిజ్వరం వచ్చింది. ఐదు రోజులు ఇంజెక్షన్లతో ఆసుపత్రిలో ఉన్నాను.

అక్కడి ఫిజియోథెరపీ అమ్మాయి విషయం విడమర్చి చెప్పింది. గ్రంథులు తీసేస్తే చేతిలోని లింఫ్ నీరు వెళ్లే దారి తగ్గి, అక్కడే నిలిచిపోతుందట. ఆమె చేసే మర్దనలో నొక్కుడే లేదు. ముందు మెడ దగ్గర, ఛాతీ మీద మొదలుపెట్టి చర్మాన్ని మాత్రమే మెల్లగా జరిపేది. మూడు వారాలు పొరలు పొరలుగా కట్లు కట్టాక వాపు దిగింది. పూర్తిగా పోలేదు. పగలు చేతిని బిగుతుగా పట్టి ఉంచే సాగుడు తొడుగు (స్లీవ్) వేసుకుంటాను, చెప్పిన వ్యాయామాలు చేస్తాను, రాత్రి చేతి కింద దిండు పెట్టుకుంటాను. సూది పట్టినప్పుడు వేలికి తొడుగు తప్పనిసరి.

ఈ ఆపరేషన్ చేసి డిశ్చార్జి చేసేటప్పుడు ఆసుపత్రివాళ్లు రెండు చేతులకూ టేపు పెట్టి కొలతలు చీటీలో రాసివ్వడానికి ఐదు నిమిషాలు చాలు. చెయ్యి బరువెక్కినా, గాజులు బిగిసినా వెంటనే రమ్మని, ఎర్రబడి జ్వరమొస్తే ఆ రోజే రమ్మని ఇంట్లోవాళ్ల ఎదుట చెప్పాలి. స్లీవ్ ఆరు నెలలకు సాగిపోతుంది, ప్రతిసారీ కొనడం నాలాంటి వాళ్లకు భారం. ఆపరేషన్ ఖర్చు భరించిన ప్రభుత్వం ఇదీ ఉచితంగా ఇవ్వాలని వేడుకుంటున్నాను.

ఈ ఆపరేషన్ అయినవాళ్లు నా దగ్గరికొస్తే ఇప్పుడు రెండు చేతులూ కొలుస్తున్నాను. పోయిన నెల ఒకావిడకు అర అంగుళం తేడా కనిపించింది. జాకెట్టు గుడ్డ పక్కన పెట్టి, ముందు డాక్టరు దగ్గరికి పంపాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు, తెనాలి