ఎర్ర దీపం వెలిగిన రోజు

ఒరేయ్ శీనూ,

ముందు నాలుగు తిట్లు తిట్టేయ్, ఆ తర్వాత చదువు. ఉగాదికి రాస్తానన్న ఉత్తరం శ్రావణంలో రాస్తున్నాను. నిజంగా తప్పే, క్షమించు. ఇక్కడ అందరం బాగున్నాం. చిన్నదానికి పై పళ్లు రెండు వచ్చాయి, ఆఫీసు ఇంకా బెంగళూరు ఎలక్ట్రానిక్ సిటీలోనే, అమ్మ మోకాలు కాస్త నయం. వార్తలు అయిపోయాయి. ఇక అసలు సంగతి. పది రోజులుగా ఎవరికైనా చెప్పాలని కడుపు ఉబ్బిపోతోంది, నీకు తప్ప ఎవరికి చెప్పినా "బాగైంది కదా, ఇంకేంటి" అంటున్నారు.

కారు కొన్నానని చెప్పాను కదా. పాతదే, 2013 మోడల్ పెట్రోల్ బండి, 82 వేల కిలోమీటర్లు తిరిగింది. రెండు లక్షల అరవై వేలు పెట్టాను, అందులో సగం నాన్న ఇచ్చిన డబ్బు. ఎందుకు కొన్నానో నీకు తెలుసు. నాన్నను ఒక్కసారైనా హార్స్‌లీ హిల్స్ పైకి మన బండిలో తీసుకెళ్లాలని. (తొమ్మిదో మలుపు దగ్గర ఆగుతాం, నీ పేరు చెప్పి మరీ ఆగుతాం, సరేనా!)

కొనగానే ఆయిల్ మార్పించాను. పాత ఆయిల్ తారులా ఉంది. బండి పుస్తకంలో రాసిన చిక్కదనం గ్రేడే, 5డబ్ల్యూ-30, కొత్త ఫిల్టర్ వేయించాను. మూడు వారాలు బండి పువ్వులా నడిచింది. ఒక శుక్రవారం సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ ఫ్లైఓవర్ ఎక్కాను, అదే బొమ్మనహళ్లి దాకా ఉంటుందే, దాదాపు తొమ్మిది కిలోమీటర్లు, ఆ పొడవాటిది. సగం దూరం వచ్చానో లేదో మీటర్ల మధ్యలో ఎర్రగా నూనె డబ్బా బొమ్మ ఒకసారి మినుకుమంది. ఆరింది. మళ్లీ వెలిగింది. అద్దం దించితే ఇంజిన్ లోంచి టకటకటక... కుట్టు మిషన్ వేగంగా తొక్కుతున్నట్టు. నా గుండె కూడా అదే వేగంతో కొట్టుకుంది రా. పక్కన లారీలు దూసుకుపోతున్నాయి, ఆపడానికి చోటు లేదు. ఎలాగో ఎడమ గోడకు ఆనించి హజార్డ్ లైట్లు వేసి ఇంజిన్ ఆపేశాను. ఆ పని చేయడమే బండిని కాపాడిందని తర్వాత తెలిసింది. ఆయిల్ దీపం వెలిగాక "ఇంకో కిలోమీటరే కదా" అని నడిపితే బేరింగులు మాడిపోతాయట.

ఆయిల్ కొలిచే డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ పై గీత దాకా ఉంది! అదే నాకు అంతుపట్టలేదు. పది నిమిషాలు కూర్చుని మళ్లీ స్టార్ట్ చేస్తే దీపం లేదు, చప్పుడు బాగా సన్నబడింది. మెల్లగా ఇంటికి చేరాను. ఆ పది నిమిషాల సంగతి గుర్తు పెట్టుకో, మళ్లీ చెప్తాను.

మర్నాడు ఇంటి దగ్గర గ్యారేజీలో బానెట్ ఎత్తి అర నిమిషం విన్నాడు. "సార్, బేరింగులు పోయాయి, ఇంజిన్ దించాలి, 70 వేలు" అన్నాడు. ఆయిల్ ప్రెజర్ మీటర్ పెట్టలేదు, ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే చాంబర్ కిందికి తొంగి చూడలేదు. ఇంకొకాయన మందం ఆయిల్, 20డబ్ల్యూ-50 పోస్తే దీపం వెలగదు, చప్పుడూ తగ్గుతుంది, అలాగే నడుపుకోమన్నాడు. ఇంకొకాయన ఆ దీపాన్ని వెలిగించే ఆయిల్ స్విచ్ మార్చేస్తే చాలన్నాడు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నాన్న డబ్బు రా అది. ఫోన్లో "బండి ఎలా ఉంది నాయనా" అని అడిగితే బాగుందని అబద్ధం చెప్పాను. ఆ ఒక్క మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

అప్పుడు దొరికాడు బాషా భాయ్. కదిరి మనిషి, జె.సి. రోడ్ వెనక సందులో చిన్న షెడ్డు, అరవై దాటాయి, నాకన్నా చక్కగా తెలుగు మాట్లాడతాడు. ఆయన మొదట నన్నే ప్రశ్నలు అడిగాడు. దీపం ఎప్పుడు వెలిగింది, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడా, వేగంగా పోతున్నప్పుడా? ఆపితే ఎంతసేపటికి బాగైంది? ఇవి నన్ను ఎవరూ అడగలేదు శీనూ! వేగంలో అని చెప్పగానే ఆయన కళ్లు మెరిశాయి. "బేరింగులు అరిగితే ఇంజిన్ వేడెక్కాక, ఆగినప్పుడు దీపం వెలుగుతుంది నాయనా, రేస్ చేస్తే ఆరిపోతుంది. నీదేమో దానికి తలకిందులుగా ఉంది" అన్నాడు.

తర్వాత పొడుగు స్క్రూడ్రైవర్ తీసుకుని దాని పిడి చెవికి ఆనించుకుని, మొన ఇంజిన్ మీద ఒక్కో చోట పెట్టి విన్నాడు. నాకూ వినిపించాడు. పైన వాల్వ్ కవర్ మీద పెడితే సన్నగా, పదునుగా టక్ టక్. కింద చాంబర్ దగ్గర పెడితే ఏమీ లేదు. పిస్టన్‌ను కిందికి కలిపే కనెక్టింగ్ రాడ్డు అయితే చప్పుడు కిందనుంచి బరువుగా, గుద్దినట్టు వస్తుందట. ఒక్కో సిలిండర్‌కు స్పార్క్ ఇచ్చే కాయిల్ కనెక్టర్ పీకి చూశాడు, చప్పుడు మారలేదు. రాడ్డు కొట్టుకుంటే ఆ సిలిండర్ ఆగగానే చప్పుడు తగ్గాలట. అంటే ఇది పైన వాల్వుల దగ్గరుండే ట్యాపెట్ల చప్పుడు. మన బండిలో హైడ్రాలిక్ ట్యాపెట్లు, ఆయిల్ నిండితేనే గట్టిగా నిలబడతాయి, ఆయిల్ అందకపోతే లోపల ఖాళీ వచ్చి కొట్టుకుంటాయి.

ఇక మీటర్. ఆయిల్ స్విచ్ విప్పి దాని చోట ముల్లు గేజ్ బిగించాడు. దీపం కేవలం స్విచ్చే, ప్రెజర్ అర బార్ కిందికి పడితేనే వెలుగుతుంది, ఎంత ఉందో దానికేం తెలుసు, ముల్లును అడగాలి అన్నాడు. ఇంజిన్ బాగా వేడెక్కనిచ్చి చూశాం. ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా, 1.3 బార్. రెండు వేల ఆర్‌పీఎంలో 2.4. మూడు వేలకు తీసుకెళ్లి పట్టుకున్నాడు. ముల్లు మూడు దాకా ఎక్కింది, వణికింది, ఆ తర్వాత నా కళ్ల ముందే మెల్లమెల్లగా దిగిపోయింది, రెండు, ఒకటి, అర... పైన ట్యాపెట్లు టకటకమన్నాయి. ఆ చప్పుడు వినగానే ఆపేసి "జాలి" అన్నాడు, ఒక్కటే మాట.

పంపుకు ఆయిల్ పీల్చే గొట్టం చివర జాలి ఉంటుంది కదా, స్ట్రైనర్. ఏదో జాలికి అడ్డం పడుతోంది, వేగంగా పీలిస్తే అతుక్కుంటుంది, ఇంజిన్ ఆపితే కిందికి జారిపోతుంది. నా పది నిమిషాలు ఇదన్నమాట! నాకు ఒళ్లు జలదరించింది.

చాంబర్ దించాడు. శీనూ, నువ్వు ఉండాల్సింది. ఆ జాలి మీద నల్లటి మడ్డి, అందులో ఎర్రటి రబ్బరు తీగలు, పురుగుల్లా. సిలికాన్ పేస్ట్! ఎప్పుడో ఎవరో చాంబర్ బిగిస్తూ పేస్ట్ మందంగా పూశారు, లోపలికి ఉబ్బిన ముక్కలు ఎండి తెగి పడ్డాయి. ఏళ్ల తరబడి గోడలకు పట్టిన మడ్డి నేను పోసిన కొత్త ఆయిల్‌కు వదిలి అదీ కిందికి దిగింది. రెండూ కలిసి జాలిని మూసేశాయి. పనిలో పనిగా ఒక రాడ్డు క్యాప్ విప్పి బేరింగ్ చూపించాడు, బూడిద రంగు చెక్కుచెదరలేదు. ఎర్రగా రాగి కనిపిస్తే అప్పుడు భయపడాలి అన్నాడు. నా గోరుతో గీకి చూశాను, నున్నగా ఉంది. నిజం చెప్తున్నా, కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయన చూడనట్టు తిరిగి ఫిల్టర్ విప్పుతున్నాడు.

జాలి కడిగాడు, చాంబర్ గీకి శుభ్రం చేశాడు, పేస్ట్ సన్నటి గీతలా పూశాడు, రాత్రంతా ఆరనిచ్చాడు. మర్నాడు కొత్త ఆయిల్, ఫిల్టర్. ఐడిల్‌లో 1.5, మూడు వేలలో నాలుగు బార్, పావుగంట పట్టుకున్నా ముల్లు కదల్లేదు. మొత్తం 6,800. వెయ్యి కిలోమీటర్లకే మళ్లీ ఆయిల్ మార్చమన్నాడు, మిగిలిన మడ్డి కూడా దిగాలి కదా. ఎక్కువ ఇవ్వబోతే తీసుకోలేదు, టీ తాగించమన్నాడు. ఆ టీ కొట్టు చూస్తే మన నాలుగో నంబరు బెంచీ గుర్తొచ్చింది, ఆ రోజు నువ్వు చేసిన...

అది తర్వాత రాస్తాను రా, నాన్న ఫోన్. మదనపల్లె బస్సు హొసకోటె దాటిందట, టిన్ ఫ్యాక్టరీ దగ్గర దిగుతారు. ఔటర్ రింగ్ రోడ్డు మీద ఈ వేళకు ట్రాఫిక్ ఎలా ఉంటుందో తెలుసు కదా, ఇప్పుడే బయల్దేరాలి. వెంటనే జవాబు రాయి.

నీ
రవి