ప్రహ్లాదుడు బడికి వెళ్లకముందే మైకు ఆపించేశారు

సంపాదకులు గారికి నమస్కారం.

రెండు వారాల కిందట మీ ఆదివారం అనుబంధంలో 'తక్కువ ఖర్చులో ఇమ్మర్సివ్ మ్యూజికల్' అంటూ, అంటే ప్రేక్షకులు ఆట మధ్యలోనే ఉండి చూసే పాటల నాటకం గురించి, ఒక వ్యాసం వేశారు. ఇంత ఆలస్యంగా రాస్తున్నానని అనుకోవద్దు. మా బరంపురానికి మీ అనుబంధం ఒక్కోసారి సోమవారం గానీ రాదు.

ఏడో తరగతి చదివే మా మనవడు తెలుగు కూడబలుక్కుంటూ దాన్ని నాకు చదివి వినిపించాడు. లండన్ బ్రిడ్జ్ థియేటర్లో 2023లో అలాంటిదొకటి ఆడారట. జనం మధ్యలో నిలబడి ఉంటే వాళ్ల పక్కనే వేదికలు పైకి లేస్తాయట. న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్‌లో 1973 నుంచి ఒక కౌంటరు ఉందట, అక్కడ క్యూ కడితే ఆ రోజు మిగిలిపోయిన టికెట్లు తగ్గింపు ధరకి దొరుకుతాయట. చాలా సంతోషం. బరంపురం నుంచి టైమ్స్ స్క్వేర్‌కి పాసింజరు బండి ఎన్నింటికో కూడా రాయాల్సింది.

మావాడు చదవడం ఆపి, "తాతా, మనం మొన్న చూసింది ఇలాంటిదే కదా?" అన్నాడు. ఆ మాటే నన్ను కలం పట్టించింది.

ప్రహ్లాద నాటకం గురించి గంజాం జిల్లా వాళ్లకి నేను చెప్పేదేముంది? పందొమ్మిదో శతాబ్దంలో జలంత్ర రాజా రామకృష్ణ ఛోటరాయ్ పేరు మీద వచ్చిన నాటకం. 1936లో ఒడిశా విడిపోయాక రాజుగారి ఊరు ఇప్పటి ఆంధ్రా వైపు పడింది, నాటకం మాత్రం ఎక్కువగా మా వైపే మిగిలింది. మాటలు ఒడియా, శ్లోకాలు సంస్కృతం, నడక మాత్రం మన యక్షగానాల్ని గుర్తుకు తెస్తుంది. అందుకే మా తాతగారి రోజుల్నించీ తెలుగు ఇళ్లవాళ్లు చాపలు చంకన పెట్టుకుని వెళ్లేవారు. టికెట్టు లేదు, ముందు వరస, వెనక వరస అనే గొడవ లేదు. మెట్లమెట్లుగా కట్టిన మంచె పైమెట్టు మీద హిరణ్యకశిపుడి సింహాసనం. ఆయన మీసం దువ్వుకుంటూ ఒక్కో మెట్టూ దిగి వస్తుంటే, ముందు కూర్చున్న పిల్లలు కాళ్లు ముడుచుకోవాల్సిందే. తెల్లవారుజామున స్తంభం పగిలి నరసింహుడు వచ్చేసరికి ఆ ముఖం తొడుగు పెట్టుకున్న మనిషికి పూనకం వస్తుంది, నలుగురు పట్టుకున్నా ఆగడు. పక్కనే నిలబడ్డవాడి గుండె దడదడలాడుతుంది. దీన్ని మీరు ఇంగ్లీషు పేరుతో రాస్తే ఎక్కడో లండన్ సంగతిలా ఉంది.

ఇక మొన్నటి సంగతి. మాకు పాతిక కిలోమీటర్ల దూరంలో ఒక పల్లెలో ఆడుతున్నారంటే మనవణ్ణి తీసుకుని వెళ్లాను. ఆటోకి రానూ పోనూ నాలుగు వందలు, పకోడీలు ముప్పై. మొత్తం ఖర్చు అంతే, మీ వ్యాసంవాళ్లు లెక్క రాసుకోవచ్చు. ఎనిమిదింటికి మొదలైంది. మద్దెల, తాళాలు, ముఖవీణ, వెనక పాడుతూ కథ నడిపే గాహకుడి పాట. వినాయకుడు వచ్చి వెళ్లాడు, రాజుగారు కొలువు తీరారు. పది దాటి అయిదు నిమిషాలకి పోలీసుల జీపు వచ్చింది. మైకు తీసేయమన్నారు. హిరణ్యకశిపుడు మూడో మెట్టు మీద ఒక కాలు కిందికి చాచి, ఆ కాలు ఎక్కడ పెట్టాలో తెలియక అలాగే ఉండిపోయాడు. తర్వాత కిరీటం తీసి ఒళ్లో పెట్టుకుని ఆ మెట్టు మీదే చతికిలపడ్డాడు. చెమటకి రంగు కారి చొక్కా లేని ఛాతీ మీద నీలం చారలు పడ్డాయి. ప్రహ్లాదుణ్ణి ఇంకా చండామార్కుల బడికే పంపలేదు! జనం చాపలు దులుపుకుని లేచారు.

నిబంధన ఉంది, కాదనను. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా మైకు కూడదు. అయితే అదే నియమాల్లో, పండగలకీ సాంస్కృతిక కార్యక్రమాలకీ ఏడాదిలో 15 రోజులకి మించకుండా అర్ధరాత్రి దాకా సడలింపు ఇచ్చే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది. ఆ ఊరివాళ్లు దరఖాస్తు పెట్టారట. ఒక ఆఫీసు ఇంకో ఆఫీసుకి పొమ్మంది, రెండోది మొదటి దాని సంతకం కావాలంది. సంతకం పెట్టాల్సినాయన సెలవులో ఉన్నారు. ఆయన వచ్చేదాకా నరసింహస్వామి స్తంభంలోనే ఉండాలి కాబోలు.

అదే వారంలో మా వీధిలో పెళ్లి ఊరేగింపు. రాత్రి ఒంటిగంట దాకా డీజే. వంటింట్లో స్టీలు గ్లాసులు వాటంతటవే నడిచి వచ్చి గట్టు మీంచి పడ్డాయి, నేను కళ్లారా చూశాను. ఫోన్ చేస్తే "చూస్తాం సార్" అన్నారు. ఇంకా చూస్తూనే ఉన్నట్టున్నారు.

హాల్లో ఆడుకోవచ్చు కదా అంటారు కొందరు. నిజమే, నాలుగు గోడల మధ్య ఆడే ఆటకి ఈ రాత్రి నిషేధం వర్తించదు. కానీ మా ఊళ్లో ఉన్న పెద్ద హాలు అద్దె వింటే హిరణ్యకశిపుడికే చెమటలు పడతాయి. పైగా ఫ్యాన్లలో సగం తిరగవు, మరుగుదొడ్డి తాళం వాచ్‌మన్ దగ్గర, వాచ్‌మన్ టీకొట్టు దగ్గర. తెలుగు పద్యనాటకానికని ఆ హాలు అడిగిన మా మిత్రులకి మూడుసార్లు తేదీ మార్చారు, మూడోసారి ఎవరో పెద్దాయన సన్మానం అడ్డొచ్చిందన్నారు. ఇవాళ రేపు సన్మానాలు లేని తేదీ ఎక్కడుంది గనక?

మీ పేపరు సంగతీ చెప్పాలి. మా జిల్లా పేజీలో ఈ నాటకం గురించి ఆ మధ్య మూడు వాక్యాలు వేశారు, అందులో జలంత్రను 'జలంధర్' అని అచ్చేశారు. పంజాబ్ రాజుగారు మన గంజాం నాటకం రాశారన్నమాట. లండన్ వేదికకి మాత్రం అరపేజీ రంగుల ఫొటో.

వచ్చే వైశాఖంలో నరసింహ జయంతికి ఆ ఊరివాళ్లు మళ్లీ దరఖాస్తు పెడుతున్నారు. ఈసారి ఏ ఆఫీసులో, ఎవరి చేతికి, ఎన్ని రోజుల ముందు ఇవ్వాలో మీ విలేకరి ఒక్కరోజు తిరిగి కనుక్కుని అచ్చు వేస్తే చాలు. మా మనవడు ప్రహ్లాదుడు బడికి వెళ్లాడా లేదా అని రోజూ అడుగుతున్నాడు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఉద్యోగి,
బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా